మొహ్లత్ అడిగే హక్కు

మా ఇళ్ళల్లో అప్పు గురించి మాట్లాడరు. జబ్బు గురించి మాట్లాడతారు. తప్పిపోయిన పెళ్ళి సంబంధం గురించి మాట్లాడతారు. అర్ధరాత్రి పోలీసులు తీసుకుపోయిన పక్కింటి కుర్రాడి గురించి కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు. ఇంటి లోను కిస్తీ తప్పిందన్న సంగతి మాత్రం మొగుడూ పెళ్ళాల మధ్య కూడా బయటికి రాదు. తెలుగులో అప్పుకు ఒక వెక్కిరింత ఉంది, అప్పుచేసి పప్పుకూడని. ఉర్దూలో కర్జ్‌కు ఆ నవ్వు లేదు. మా దాదీమా తరం ఆడవాళ్ళు దువా చేసేటప్పుడు బీమారీ నుంచీ కర్జ్ నుంచీ కాపాడమని ఒకే ఊపిరిలో అడిగేవాళ్ళు. రెండు భాషల్లో వార్తలు రాసుకుని బతికేవాణ్ణి కనుక ఈ తేడా నాకు రోజూ తగులుతుంది.

ఇలా నోరు మూసుకున్నందువల్ల ఇళ్ళు పోతున్నాయి. కిస్తీలు తప్పినవాడు గడువు అడగడం, తగ్గింపు అడగడం, బ్యాంకు ఇచ్చిన నోటీసుకు ఎదురు జవాబు రాయడం నీతిగా సరైన పనేనా? లేక తీసుకున్న అప్పు కట్టలేనివాడు తల దించుకుని తాళం చెవులు ఇచ్చేసి పోవడమే మర్యాదా? చదువుకున్న మావాళ్ళలో కూడా చాలామంది రెండోదే సరైనదనుకుంటారు. నేననుకోను. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ సిగ్గు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి.

మసీదు మెట్ల మీద కూర్చున్న ఏ పెద్దమనిషినడిగినా ఒక సంగతి చెబుతాడు. జనాజా ముందుకు వచ్చినప్పుడు ప్రవక్త (స) ‘ఈయన మీద బాకీ ఏమైనా ఉందా’ అని అడిగేవారట. ఉందని తెలిస్తే, తీర్చేందుకు ఏమీ మిగల్చలేదని తెలిస్తే, మీరే నమాజు చదివించండని తాను పక్కకు జరిగేవారట. మాకు చిన్నప్పటి నుంచీ ఇంతవరకే చెప్పారు. కథ ఇక్కడితో అయిపోలేదు. అలా పక్కకు జరిగిన ఒక రోజు అబూ ఖతాదా అనే సహచరుడు లేచి ఆ బాకీ నా మీద వేసుకుంటానన్నాడు. అప్పుడు ప్రవక్త ముందుకు వచ్చి నమాజు చదివించారు. తర్వాత రోజుల్లో చేతికి కాస్త సొమ్ము వచ్చాక, అప్పుతో చనిపోయినవాళ్ళ బాకీ తన బాధ్యత అని ప్రకటించారు. మొదటి సగం బాకీ ఉన్నవాణ్ణి భయపెడుతుంది. రెండో సగం చుట్టూ నిలబడినవాళ్ళను అడుగుతుంది. మా బస్తీల్లో మొదటి సగానికి ఉన్న ప్రచారం రెండో సగానికి లేదు.

దీనికి తోడు ఇంకో సిగ్గు. బ్యాంకు లోనంటే సూద్, అంటే వడ్డీ. అది హరామ్. కాబట్టి ఇంటికి లోను తీసుకున్న ముస్లిం రెండుసార్లు తప్పు చేసినట్టు లెక్క. తీసుకున్నప్పుడొకసారి, కట్టలేనప్పుడొకసారి. కిస్తీ తప్పిందని తమ్ముడికి చెప్పుకుంటే ‘నీకెవరు తీసుకోమన్నారు భాయ్’ అంటాడు. ఆ తమ్ముడు అద్దె ఇంట్లో ఉన్నాడా, లేక తండ్రి ఇచ్చిన ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నాడా అని ఎవరూ అడగరు.

ఈ విషయంలో ఉలమాల మధ్య ఒకే మాట లేదు. వడ్డీ నిషేధం మీద ఎవరికీ సందేహం లేదు. కానీ తలదాచుకునే ఇల్లు అవసరమా, అగత్యమా, ఆ అగత్యానికి నిషేధం ఎంతవరకు సడలుతుందన్న చర్చ ఉంది. 1999లో యూరప్ ఫత్వా మండలి అక్కడి ముస్లింలకు, వేరే దారి లేనప్పుడు, ఉండటానికి ఒక ఇల్లు వడ్డీ లోను మీద కొనుక్కోవచ్చని మెజారిటీతో చెప్పింది. ఒప్పుకోనివాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేను ఫత్వాలు ఇచ్చేవాణ్ణి కాను. నాకు కనిపించేదల్లా ఒకటే. ఖురాన్‌లో రెండో సూరా బఖరాలో వడ్డీని ఖండించే ఆయతుల వెంటనే, 280వ ఆయతులో, బాకీదారు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు దొరికేదాకా ఆగమని అప్పిచ్చినవాడికి ఆదేశం ఉంది. వదిలేస్తే ఇంకా మేలని కూడా ఉంది. వడ్డీ గురించిన ఆయతు కంఠస్థం వచ్చినవాడికి దాని పక్కనే ఉన్న మొహ్లత్ ఆయతు ఎందుకు గుర్తుకు రాదు?

మొహ్లత్ అంటే గడువు. ఈ మాట అన్నప్పుడు ఒక మిత్రుడు నవ్వాడు. ‘బ్యాంకు కల్మా చదవలేదు కదా, దానికి ఆయతు ఎలా వర్తిస్తుంది?’ అన్నాడు. నిజమే, బ్యాంకు కల్మా చదవలేదు. కానీ బ్యాంకు మీద ఈ దేశపు చట్టం ఉంది, రిజర్వు బ్యాంకు ఉంది. విచిత్రమేమంటే ఆ చట్టంలో కూడా మెట్టు మెట్టుకూ కొంత మొహ్లత్ ఉంది. అడిగినవాడికే అందేటట్టు ఉంది. అడగనివాడి గడువు వాడికి తెలియకుండానే అయిపోతుంది.

కాగితాలు చదివించుకోవడానికి మా గల్లీ వాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. జర్నలిస్టు కదా, ఇంగ్లీషు వస్తుంది, తెలుగు వస్తుంది, ఉర్దూలో విడమరిచి చెబుతాడని. నేను వకీలును కాను. అయినా ఇన్నేళ్ళుగా ఆ కాగితాలు చదివి చదివి వాటి క్రమం తెలిసింది. ఒక కిస్తీ తప్పి తొంభై రోజులు దాటితే ఆ ఖాతాను బ్యాంకు ఎన్‌పీఏ, అంటే పనికిరాని బాకీ అని రాసుకుంటుంది. ఆ తొంభై రోజులే అసలైన కాలం. అప్పటిదాకా మేనేజర్ చేతిలో వెసులుబాటు ఎక్కువ. గడువు పెంచి కిస్తీ తగ్గించమనొచ్చు. ఉద్యోగం పోయిందనో, దుకాణం మూతపడిందనో, ఆసుపత్రి ఖర్చనో కాగితం రుజువుతో చెప్పి కిస్తీల పట్టిక మార్చమనొచ్చు. మావాళ్ళు ఆ తొంభై రోజులూ ఫోను ఎత్తకుండా గడుపుతారు. దుబాయి నుంచి మరిది పంపుతాడని, చిట్టీ ఎత్తుతానని, వచ్చే నెల చూద్దామని.

ఎన్‌పీఏ అయ్యాక సర్ఫేసీ చట్టం వస్తుంది. 2002లో తెచ్చిన ఈ చట్టం కింద కోర్టుకు వెళ్ళకుండానే బ్యాంకు తాకట్టు ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్ముకోవచ్చు. ముందు అరవై రోజుల నోటీసు ఇవ్వాలి. మా గల్లీలో ఈ నోటీసు చూసినవాళ్ళలో సగం మంది ఇల్లు పోయిందనే అనుకుంటారు. పోలేదు. ఆ నోటీసుకు అభ్యంతరం రాసివ్వొచ్చు. రాసిస్తే పదిహేను రోజుల్లో బ్యాంకు కారణాలతో జవాబు చెప్పి తీరాలి. ఈ జవాబు చెప్పే బాధ్యత ఊరికే రాలేదు. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెడుతూనే, బాకీదారు మాట వినాలని చెప్పింది. ఆ తర్వాత పార్లమెంటు దాన్ని చట్టంలో చేర్చింది. ఇబ్బందిలో ఉన్నవాడి మాట వినాలన్నది ఆయతులో ఉన్నా, తీర్పులో ఉన్నా న్యాయం ఒక్కటే కదా.

అరవై రోజులు గడిచాక స్వాధీనం నోటీసు గోడకు అంటిస్తారు, రెండు పత్రికల్లో వేస్తారు. ఒకటి స్థానిక భాషలో ఉండాలని నియమం. డెస్కు మీద పని చేసిన రోజుల్లో ఈ ప్రకటనలు నేను బోలెడు చూశాను. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, బాకీ ఎంత, ఉత్తరాన ఎవరి ఇల్లు, దక్షిణాన ఎన్ని అడుగుల దారి. స్థానిక భాషంటే మా దగ్గర తెలుగే. 2017 నుంచి తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష. అయినా ఉర్దూ పేపరు తప్ప చదవని ఒక ముసలాయన ఇంటి ప్రకటన ఇంగ్లీషులో, తెలుగులో వచ్చింది. ఊరందరికీ తెలిశాక ఆయనకు తెలిసింది. ఎవరో చాయ్ హోటల్లో చదివి చెప్పారట.

ఆ మెట్టు దగ్గర కూడా దారి మూసుకోలేదు. నలభై అయిదు రోజుల్లో డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్ళొచ్చు. హైదరాబాద్‌లో ఉంది, విశాఖపట్నంలో ఉంది. లెక్క తప్పిందనో, నోటీసు సరిగ్గా ఇవ్వలేదనో, విలువ మరీ తక్కువ కట్టారనో అక్కడ చెప్పుకోవాలి. బాకీ లక్ష రూపాయల లోపుంటేనో, అసలూ వడ్డీ కలిపి ఇరవై శాతం కంటే తక్కువే మిగిలుంటేనో ఈ చట్టం అసలు వర్తించదు. పదిహేనేళ్ళు కట్టి చివరి రెండేళ్ళలో పడిపోయినవాడికి ఇది తెలియాలి. అమ్మకానికి ముందు ముప్ఫై రోజుల నోటీసు ఇవ్వాలి. బాకీ అంతా, ఖర్చులతో సహా కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడేదాకానే ఉంటుంది. పూర్వం అమ్మకం పూర్తయ్యేదాకా ఉండేది. 2016 సవరణ దాన్ని ముందుకు జరిపింది. 2023లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. పాత రోజుల మాట నమ్మి, వేలం రోజున డబ్బు సంచితో వెళ్దామనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇక్కడ ఒక నీతి ప్రశ్న నిజంగానే ఉంది, దాన్ని తప్పించుకోకూడదు. కట్టగలిగీ కట్టనివాడి సంగతేమిటి? దుకాణం బాగా నడుస్తూ, కూతురి వలీమాకు రెండువేల మందిని పిలిచి, బ్యాంకుకు మాత్రం చేతులెత్తేసేవాడున్నాడు. ఉన్నవాడు బాకీ వాయిదా వేయడం జుల్మ్ అని, అంటే దౌర్జన్యమని ప్రవక్త మాట ఉంది. అటువంటివాడు మొహ్లత్ అడిగితే అది నిజంగా ఇబ్బందిలో ఉన్నవాడి వాటాను దొంగిలించడమే. కట్టలేనివాడు, కట్టనివాడు అన్న తేడా షరియత్‌కు తెలుసు. రిజర్వు బ్యాంకుకూ తెలుసు, కావాలని ఎగ్గొట్టినవాడికి దాని దగ్గర వేరే పేరే ఉంది. ఆ తేడా తెలియనిది మన సమాజానికే. గల్లీలో ఇద్దరికీ ఒకే పేరు, దివాళాకోరు.

ఈ సిగ్గు పైకి పోతున్నకొద్దీ పలచబడుతుంది. పెద్ద కంపెనీ బాకీ కట్టలేకపోతే 2016 దివాలా చట్టం కింద ట్రిబ్యునల్‌లో కూర్చుని అప్పిచ్చినవాళ్ళే చాలాసార్లు సగానికి పైగా వదులుకుంటారు. దానికి ఇంగ్లీషులో క్షవరం అని ముద్దుపేరు. అదే చట్టంలో మామూలు మనుషుల దివాలా గురించి ఒక భాగం రాసి పెట్టారు. కంపెనీలకు హామీ ఇచ్చినవాళ్ళ మట్టుకు 2019లో అమలు చేశారు. మీకూ నాకూ సంబంధించినది ఇంకా అమల్లోకి రాలేదు. కంపెనీ డైరెక్టరు గడువు అడిగితే వ్యాపార చతురత, కార్ఖానా మెకానిక్కు అడిగితే బెయిజ్జతీ. ఈ లెక్క మనం రాసింది కాదు. మనమెందుకు పాటించాలి?

ఇంతవరకు చెప్పింది ఏ మతంవాడికైనా వర్తించేదే. సెక్యులర్ మిత్రులు ఇందులో ముస్లిం సంగతి ఎక్కడుందని అడగొచ్చు. ఉంది. 2006లో సచార్ కమిటీ ముస్లింలు ఎక్కువగా ఉండే కొన్ని ప్రాంతాలను బ్యాంకులు ప్రతికూల ప్రాంతాలుగా గుర్తు పెట్టుకున్నాయనీ, అక్కడ అప్పు సులువుగా పుట్టదనీ రాసింది. పాతబస్తీలో పుట్టినవాడికి దీనికి కమిటీ అక్కర్లేదు. పిన్‌కోడ్ చెప్పగానే కౌంటర్లో మొహం మారుతుంది. అప్పుడేమవుతుంది? పెద్ద బ్యాంకు ఇవ్వనివాడు చిన్న ఫైనాన్సు కంపెనీకి పోతాడు. వడ్డీ ఎక్కువ, ఓపిక తక్కువ. పేదవాడు ఖరీదైన అప్పు తీసుకోవలసి వస్తుంది, ఖరీదైన అప్పే ముందు తప్పుతుంది. తప్పాక ‘వీళ్ళింతే’ అన్న మాట తయారుగా ఉంటుంది.

మా కాగితాల సంగతి ఇంకొకటి. ముస్లిం లాలో హిబా ఉంది. ఇస్తున్నానని చెప్పి, తీసుకున్నానని ఒప్పుకుని, స్వాధీనం అప్పగిస్తే చాలు, దానం చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ లేకపోయినా. 2011లో సుప్రీంకోర్టు కూడా ఇది ఒప్పుకుంది. కోర్టులో చెల్లుతుంది కానీ బ్యాంకులో చెల్లదు. తాత నోటి మాటతో ఇచ్చిన ఇల్లు, అయిదుగురు అన్నదమ్ములు ముగ్గురు అక్కచెల్లెళ్ళ పేర్లు పంచుకోకుండా ఉన్న ఇల్లు తాకట్టుకు పనికిరాదు. అందుకని మావాడు ఆ ఇంట్లో వాటా వదిలేసి, కాగితం బాగున్న చోట లోను పెట్టి రెండు గదుల ఫ్లాటు కొంటాడు. అది పోతే తిరిగిపోయేందుకు పాత ఇంట్లో గది ఉండదు, ఈలోగా తమ్ముడి పెళ్ళయి ఉంటుంది. అద్దెకు పోదామంటే ‘మీవాళ్ళకివ్వం, ఓనరు ఒప్పుకోడు’. ఇంకొకడికి ఇల్లు పోతే వేరే వీధిలో అద్దె ఇల్లు దొరుకుతుంది. మావాడికి ఇల్లు పోతే ఊళ్ళో చాలా వీధులు ముందే మూసి ఉంటాయి. అందుకే ఇల్లు నిలబెట్టుకోవడం మాకు సౌఖ్యం మాట కాదు, ఈ నగరంలో చిరునామా ఉండటం మాట.

అయితే అన్ని ఇళ్ళూ నిలబెట్టుకోదగ్గవేనా? కావని నా అభిప్రాయం. ఇది చెబితే కొందరికి కోపం వస్తుంది. మొహ్లత్‌కు వెల ఉంటుంది. ఇరవై లక్షలు తొమ్మిది శాతం మీద ఇరవై ఏళ్ళకు తీసుకుంటే కిస్తీ దాదాపు 18,000, మొత్తం కట్టేది 43 లక్షల పైచిలుకు. అదే ముప్ఫై ఏళ్ళకు సాగదీస్తే కిస్తీ 16,100 దరిదాపుల్లోకి దిగుతుంది. మొత్తం మాత్రం దాదాపు 58 లక్షలవుతుంది. నెలకు పందొమ్మిది వందలు మిగుల్చుకోవడానికి పద్నాలుగున్నర లక్షల పైన. ఇది ఇబ్బంది ఏడాదో రెండేళ్ళో ఉండి పోతుందన్నప్పుడు పట్టుకోవలసిన కర్ర. మంచి రోజులు రాగానే అదనంగా కట్టి గడువు మళ్ళీ కుదించుకోవాలి. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి లోనుకు ముందుగా కట్టినందుకు జరిమానా లేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆరు నెలలు కిస్తీలు ఆపుకోమన్నారు. చాలామంది మాఫీ అనుకున్నారు. ఆ ఆరు నెలలకూ వడ్డీ నడిచింది. వడ్డీ మీద వడ్డీ వేయకూడదని సుప్రీంకోర్టు చెప్పడానికి 2021 మార్చి రావలసి వచ్చింది. ఆయతులోని మొహ్లత్‌కు వడ్డీ లేదు. బ్యాంకు మొహ్లత్ కాలాన్ని తూచి అమ్ముతుంది. ఈ తేడా తెలిసే అడగాలి.

సంపాదన నిజంగా పడిపోయి, లేచే సూచన లేకపోతే ఇల్లు తానే అమ్ముకోవడం మేలు. వేలంలో పోయే ఇంటికీ, యజమాని నిలబడి బేరం చేసిన ఇంటికీ ధరలో చాలా తేడా ఉంటుంది. బ్యాంకుకు చెప్పి, కొనేవాణ్ణి తెచ్చి, కొనేవాడి డబ్బుతో బాకీ తీర్చి, మిగిలింది చేతికి తీసుకోవచ్చు. వేలంలో మిగిలినా అది యజమానిదే, చట్టం అదే చెబుతుంది. మిగలడమే అరుదు. పిల్ల ఇంజనీరింగ్ సీటు వదిలించి, పెద్దవాడి మందులు మాన్పించి, వడ్డీ వ్యాపారి దగ్గర నెలకు నూటికి అయిదు రూపాయల చొప్పున తెచ్చి కిస్తీ కట్టినవాళ్ళను చూశాను. బ్యాంకు సూద్‌కు భయపడి గల్లీ సూద్‌లో దూకడం. ఇల్లు చివరికి పోయింది, గల్లీ బాకీ మిగిలింది. ఆ ఇల్లు ఏడాది ముందే అమ్ముకుని ఉంటే అది ఓటమి అయ్యేది కాదు.

సెటిల్మెంటు గురించి కూడా రెండు మాటలు. ఒకేసారి ఇంత కడతాం, మిగిలింది వదిలేయమని అడగొచ్చు. లోక్ అదాలత్‌లో అడిగితే ఖర్చుండదు, కుదిరిన ఒప్పందం కోర్టు తీర్పుతో సమానం, దాని మీద అప్పీలుండదు. కానీ ఇది బాకీదారు హక్కు కాదు, ఇవ్వాలో వద్దో బ్యాంకు ఇష్టం అని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. కుదిరినా సిబిల్ లెక్కలో ‘సెటిల్’ అన్న ముద్ర ఉంటుంది, మళ్ళీ లోను దొరకడం కష్టం. ఒక మతాభిమాని సోదరుడు ‘మళ్ళీ సూద్ జోలికి పోకుండా ఉండటానికి అదే మంచిది’ అన్నాడు. హాస్యానికే అన్నాడో ఏమో. కొందరేమో అసలు కట్టి వడ్డీ ఎగ్గొడితే పుణ్యమే కదా అంటారు. ఒప్పుకుని సంతకం చేసిన మాటను కట్టే స్తోమతుండి ఏకపక్షంగా చింపేయడం ఎలా పుణ్యమో నాకర్థం కాదు. తగ్గించమని అడగడం వేరు, దాటిపోవడం వేరు.

అడిగేటప్పుడు ఎదుటివాడి హద్దులు కూడా తెలియాలి. ఆలస్యానికి వేసే జరిమానాను వడ్డీలో కలిపి దాని మీద మళ్ళీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2023లో చెప్పింది, 2024 నుంచి అమలు. వసూలు ఏజెంట్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదు. బంధువుల ముందు, దుకాణం ముందు పరువు తీయకూడదు. తీస్తే బ్యాంకుకు రాసి, నెలలో జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, రూపాయి ఖర్చు లేదు. ఒక్క కిస్తీ కట్టేస్తే ఎన్‌పీఏ ముద్ర పోతుందనుకోకండి, బకాయి అంతా కడితేనే పోతుంది. లోనుతో బీమా అంటగట్టారేమో కాగితాలు తిరగేయండి. బీమా హరామని దాని ఊసే ఎత్తని ఇంట్లో, లోనుదారు చనిపోయిన ఆరు నెలల తర్వాత ఆ పాలసీ బయటపడింది. అప్పటిదాకా ఆ వితంతువు గాజులమ్మి కిస్తీలు కట్టింది.

ఆడవాళ్ళ మాట వచ్చింది కనుక. లోను కాగితాల్లో భార్య సంతకం చాలాసార్లు ఉంటుంది, రెండో లోనుదారుగా. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టింది. నోటీసు ఆమె పేరునా వస్తుంది. ‘ఇదేమిటి’ అని అడిగితే ‘నీకెందుకు, నేను చూసుకుంటా’ అంటాడు మా మొగవాడు. కర్జ్ అంటే వణికే ఈ మనిషికి ఒకటి గుర్తు చేయాలి. మెహర్ కూడా కర్జే. పెళ్ళినాడు ఒప్పుకుని ఇంకా ఇవ్వని మెహర్ భర్త మీద బాకీగానే ఉంటుంది, ఆస్తి పంచే ముందు తీర్చవలసిన బాకీ. బ్యాంకు బాకీకి సిగ్గుపడే మనిషి ఇరవై ఏళ్ళుగా ఈ బాకీ గురించి ఒక్కరాత్రి కూడా నిద్ర మానలేదు. ఇల్లు నిలుపుకోవాలా అమ్మాలా అన్న నిర్ణయంలో ఆమె సంతకం ఒక్కటే ఉంటే చాలదు, ఆమె మాట ఉండాలి.

ఇక చుట్టూ నిలబడిన మన సంగతి. అబూ ఖతాదాలు ఎక్కడున్నారు? ఈ నగరానికి ఆ సంప్రదాయం లేక కాదు. హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో చదివి పారిస్‌లో స్థిరపడిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఇక్కడి వడ్డీ లేని సహకార సంఘాల గురించి ప్రపంచానికి రాశారు. గుమాస్తాలు, చిన్న ఉద్యోగులు నెలనెలా కొంత వేసి, అవసరమైనవాడికి వడ్డీ లేకుండా ఇచ్చుకున్న సంఘాలు. ఇప్పటికీ బంగారం పెట్టుకుని వడ్డీ లేకుండా ఇచ్చే బైతుల్‌మాల్‌లు ఉన్నాయి. వాటి చెయ్యి నగల అప్పుదాకా అందుతుంది, ఇంటి దాకా అందదు. వడ్డీ లేని బ్యాంకు కిటికీ తెరవాలని రిజర్వు బ్యాంకు సొంత కమిటీయే 2015లో సూచించింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచన వదిలేసింది. ఆ ఖాళీలోకి హలాల్ లాభాల పేరుతో కంపెనీలు దూరాయి. 2018లో హైదరాబాద్‌లో, 2019లో బెంగళూరులో అవి కూలినప్పుడు రిటైరైనవాళ్ళ డబ్బులు, ఆడవాళ్ళ నగలు పోయాయి. వడ్డీకి భయపడి దాచుకున్నవాళ్ళే మునిగారు.

జకాత్ ఎవరికివ్వాలో ఖురాన్ ఎనిమిది రకాలవాళ్ళను చెప్పింది. అందులో బాకీలో మునిగినవాళ్ళు ఒకరు. రంజాన్‌లో మా మసీదుల ముందు మదర్సాల రసీదు పుస్తకాలు వరుసగా ఉంటాయి. పేదపిల్ల పెళ్ళికి ఇస్తారు, జనాజా ఖర్చుకు ఇస్తారు. బాకీదారు పేరుతో ఒక్క డబ్బా నేను చూడలేదు. ఒక కమిటీ పెద్దనడిగాను. ‘బ్యాంకు సూద్ కట్టడానికి జకాత్ ఎలా ఇస్తాం సాబ్’ అన్నాడు. ఆ సందేహం కొట్టిపారేయలేం, దాని మీద ఆలిములే రెండు రకాలుగా చెబుతారు. వడ్డీకివ్వకండి, అసలు కిందికి ఇవ్వండి అన్నాను. జకాత్ కాకపోతే కర్జె హసనా, వడ్డీ లేని చేబదులు, ఇవ్వండన్నాను. మూడు కిస్తీలకు సరిపడా. కమిటీలో పెడతానన్నాడు. పెట్టాడో లేదో తెలియదు. ఆ ఇంటి అరవై రోజులూ అయిపోయాయి.

పోయిన నెల ఒకామె వచ్చింది. నోటీసు చేతికి వచ్చి నలభై ఒక్క రోజులైందట. భర్త దాన్ని బీరువాలో బట్టల కింద పెట్టాడు, ఆమెకు రంజాన్ ముందు ఇల్లు సర్దుతుంటే దొరికింది. ఇంకా పందొమ్మిది రోజులున్నాయన్నాను. ఆమె ముందు నమ్మలేదు. ఇద్దరం కూర్చుని రాశాం. కొడుకు ఆపరేషన్ తేదీలు, కార్ఖానా మూతపడిన నెల, ఇప్పటిదాకా కట్టిన కిస్తీల సంఖ్య, బకాయిని ఎన్ని వాయిదాల్లో కట్టగలరు, జరిమానా లెక్క విడిగా ఇవ్వమని. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముద్ర వేయించుకోమన్నాను, ఇంకొకటి రిజిస్టర్ పోస్టులో పంపమన్నాను. ఉత్తరం తెలుగులో ఉంది. సంతకం ఉర్దూలో పెట్టొచ్చా అని అడిగింది. పెట్టొచ్చన్నాను. భర్త కూడా పెట్టాడు, ఏమీ మాట్లాడకుండా. బ్యాంకు పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. ఇది రాసేటప్పటికి పదకొండో రోజు.